పుష్పలత గీసిన మామిడిచెట్టు

పుష్పలత మెలకువగా ఉన్నా సగం కలలోనే ఉండేది. పెళ్లిపత్రిక అచ్చుకు వచ్చినవాళ్లు ఎదురుగా కూర్చుని పెళ్లికొడుకు పేరు, ముహూర్తం చెబుతుంటే తను కిటికీలోంచి కరకట్ట మీది ఎండను చూస్తూ ఉండేది. "ఏమ్మా, ఇంటున్నవా?" అని వాళ్లు విసుక్కుంటే "అవ్, చెప్పుండ్రి" అనేది. తీరా చూస్తే పత్రికలో ఒక్క తప్పూ ఉండేది కాదు. తిడదామని నోటిదాకా వచ్చిన మాటను నేనే మింగేయాల్సి వచ్చేది. నాకు మాటలు మింగే అలవాటు లేదు. ఆ సంగతి భద్రాచలం బస్టాండ్ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

నా పేరు ఉషారాణి. మాది దుమ్ముగూడెం దగ్గర తండా. రెండు వేల ఐదులో భద్రాచలంలో ఒక గది కిరాయికి తీసుకుని డీటీపీ, జిరాక్స్, ఇంటర్నెట్ అని బోర్డు పెట్టాను. ఆ మరుసటేడు పుష్పలత వచ్చి పనిలో చేరింది. వాళ్లది చర్ల అవతల, బస్సు దిగి వాగు దాటి నడవాల్సిన కోయగూడెం. చిన్నప్పుడే హాస్టల్లో వేశారు, చదువంతా అక్కడే. కంప్యూటర్ మీద బొమ్మలు గీయడం మాత్రం తనంతట తనే నేర్చుకుంది. తెర మీద వేలు పెట్టి "ఈడ కొంచెం గాలి ఆడాలె అక్కా" అనేది, అక్కడ జాగా ఖాళీగా వదలమని. కాగితంలో గాలేందే పిచ్చిదానా అని నవ్వేదాన్ని. కానీ తను వదిలిన జాగా దగ్గర కంటికి నిజంగానే హాయిగా ఉండేది.

ఒకరోజు పొద్దున షాపు తెరిచేసరికి రోడ్డు అవతల ఒకామె నిలబడి ఉంది. నెత్తిన చిన్న మూట. జిరాక్స్‌కు జనం వచ్చారు, పోయారు. ఎండ ముదిరింది. ఆమె కదల్లేదు. ఎవరీమె, ఎవరికోసం చూస్తోంది అని నేను గొణుగుతుంటే పుష్పలత తెర మీంచి తలెత్తి చూసింది. మరుక్షణం కుర్చీ తన్నుకుని బయటికి పరుగెత్తింది. ఆమె వాళ్లమ్మ జంపక్క. బిడ్డ కోసం వేయించిన ఇప్పపువ్వు మూటగట్టుకుని వచ్చింది.

"లోపలికి రావొచ్చు గదా పెద్దమ్మా! గంతసేపు ఎండల ఎందుకు నిలబడ్డవ్?" అని కోప్పడ్డాను.

"ఎవ్వరు రమ్మనలే గదా బిడ్డా," అంది జంపక్క, ఇందులో వింతేముందన్నట్టు.

రావద్దని కూడా ఎవరూ అనలేదు. కానీ అది జంపక్కకు లెక్కలోకి రాదు. దవాఖానాలో అంతే, బ్యాంకులో అంతే, మండలాఫీసులో అంతే. గడప ఇవతల ఆగిపోతుంది. లోపలివాళ్లు ఎవరో ఒకరు చూసి రమ్మనాలి. చూడకపోతే సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోతుంది. ఒకసారి చలిజ్వరంతో దవాఖానా గుమ్మం దాకా వచ్చి అలాగే తిరిగిపోయిందట. ఆ మాట నాకు పుష్పలతే చెప్పింది.

"మా అమ్మ ఒక్కసారన్న, ఎవ్వరు పిలువకుండ, తనంతట తాను ఒక గడప దాటి లోపలికి పోతే చూడాలక్కా," అంది. "ఒక్కసారి సాలు."

నేను ఇద్దరికీ టీ తెప్పించాను.

సంతోష్ మా షాపుకు రావడం ఆ శ్రీరామనవమికే. ఖమ్మం అబ్బాయి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కల్యాణానికి వచ్చి, ఏవో కాగితాలు ప్రింటు తీసుకోవడానికి మా దగ్గర ఆగి, పుష్పలత గీసిన బొమ్మలు చూసి అక్కడే కూర్చుండిపోయాడు. శని, ఆదివారాల్లో అతను చూసుకునే పని ఒకటుంది. దాని పేరు పలుకుబుట్ట. ఊళ్లలో పెద్దవాళ్ల కథలు, పాటలు వాళ్ల గొంతుల్లోనే దాచి, కావాల్సినప్పుడు వినిపించే సాఫ్ట్‌వేర్. ఎక్కడెక్కడివాళ్లో, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు, తీరిక దొరికినప్పుడు తలా కాస్త రాసి దానికి జతచేస్తుంటారు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, లోపల ఎలా ఉందో విప్పి చూడొచ్చు, తమకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. ఓపెన్ సోర్స్ అంటే అదేనన్నాడు.

"మరి పని చేసినోళ్లకు ఏమొస్తది?" అని అడిగాను. వ్యాపారం చేసుకునేదాన్ని, ఇంకేం అడుగుతాను?

అతనికంటే ముందు పుష్పలత అందుకుంది. "మా ఊళ్లె ఒకలు ఇల్లు కప్పుకుంటుంటే అందరు పోయి గడ్డి అందిస్తరు గదక్కా. గట్లనే."

చిక్కంతా పలుకుబుట్ట హోం పేజీతోనే వచ్చిందట. సంతోష్ తెరిచి చూపించాడు. పైనుంచి కింది దాకా ఇంగ్లీషు. పేరు కొట్టు, పాస్‌వర్డ్ కొట్టు, షరతులకు ఒప్పుకున్నట్టు గడిలో టిక్కు పెట్టు. అవన్నీ అయ్యాకే పాట.

పుష్పలత చాలాసేపు చూసింది. "ఇది ఇల్లు గాదన్నా, చెక్‌పోస్టు," అంది.

సంతోష్‌కు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచనలో పడ్డాడు. "అయితే నువ్వే గియ్యరాదు?" అన్నాడు. ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. పుష్పలత గీసిన పేజీని వాళ్ల గూడెంలోనే ఒక కంప్యూటర్‌లో పెట్టాలి. ఎవరూ పక్కన నిలబడి చెప్పకుండా జనం తమంతట తాము ఆ పేజీలోంచి లోపలికి పోగలిగితే, వచ్చే ఏడాది విడుదలయ్యే పలుకుబుట్టకు అదే హోం పేజీ. పోలేకపోతే పాతదే ఉంటుంది. సంతోష్ పరీక్ష గూడెం మొత్తానికి. పుష్పలతకు మాత్రం వాళ్లమ్మ ఒక్కతే కళ్లముందుంది.

ఆ ఏడాదంతా మా షాపులో పెళ్లిపత్రికల మధ్య, కరెంటు బిల్లుల జిరాక్సుల మధ్య, ఆ పేజీ కోసం వెతుకులాట నడిచింది. తను వెతికేది తెర మీద కాదు. బస్సు కిటికీలో వెతికేది. పర్ణశాలలో ఎవరికో బ్యానర్ అప్పగించడానికి ఇద్దరం పోయిన పొద్దున, గోదావరి మీద పొగమంచు పట్టి అవతలి ఒడ్డు కనబడటం లేదు. ఒక పడవ మంచులోకి పోయి, కనిపించకుండా పోయి, చాలాసేపటికి తెడ్డు చప్పుడు మాత్రం వినిపించింది. పుష్పలత మెట్ల మీద చతికిలబడి కూర్చుంది.

"నిన్న కలల ఒక ఇల్లొచ్చిందక్కా," అంది. "గోడల్లేవు. తలుపు లేదు. అయినా లోపలికి పోయిన్నని తెలుస్తున్నది. గట్లెట్లయితది?"

"చలికి గట్లనే అయితది. లే, బస్సు పోతది," అన్నాను. కానీ నేనూ లేవలేదు. మంచు పలచబడే దాకా అక్కడే ఉన్నాం. ఆ పొద్దు తలుచుకుంటే ఇప్పటికీ ఒంట్లోకి నిదానం వస్తుంది.

చలికాలంలో సంతోష్ ఇచ్చిన రికార్డరు పట్టుకుని గూడెం పోయి అందరి గొంతులూ తెచ్చింది. పున్నమ్మ అనే ముసలమ్మ చెప్పిన పులి కథ, పెద్దమనుషుల డోలు పాటలు, చివర్లో జంపక్క పాడిన నాట్ల పాట. జంపక్క సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పాడింది. అయినా ఆ గొంతు బయటికి వచ్చింది.

మాఘం వెళ్లే రోజుల్లో ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి తెర చూపించింది. నా కోపాలన్నీ మరిచిపోయి నోరు తెరుచుకు చూశాను. ఒక మామిడిచెట్టు. అక్షరమన్నది లేదు. ఆకులు గాలికి మెల్లగా కదులుతున్నాయి. కొమ్మల నిండా పచ్చి కాయలు. మౌస్ కదిపితే బాణం గుర్తుకు బదులు ఒక ఉడత కొమ్మల మీద పరుగెత్తుతోంది. ఉడతను కాయ మీదికి తెచ్చి ఒక్కసారి నొక్కితే కాయ రెండు చెక్కలుగా విచ్చుకుని, లోపల తను గీసిన ఒక మనిషి మొహం కనిపించి, ఆ మనిషి గొంతు మొదలవుతుంది. కింది కొమ్మ చివరి కాయలో జంపక్క ఉంది.

"మా ఇంటి ఎనుక చెట్టక్కా ఇది," అంది పుష్పలత. "దీని కింద నిలబడెతందుకు ఎవ్వరిని అడగరు."

ఫాల్గుణంలో కంప్యూటర్‌ను అట్టపెట్టెల్లో కట్టి బస్సు మీద వేసుకుని పోయింది. దారిలో క్యాంపు దగ్గర పోలీసులు పెట్టెలు విప్పించారట. ఇదేంటని అడిగితే "పాటలు సార్" అందట. ఆ మాటకు వాళ్లు ఇంకోసారి వెతికారట. గూడెంలో అంగన్‌వాడీ పక్క గదిలో బల్ల మీద పెట్టి, బ్యాటరీకి, పైకప్పు మీది సోలార్ పలకకు తగిలించి, మాట ప్రకారం తను బయటికి వచ్చేసింది.

జనం వచ్చారు. అడవిలోంచి కట్టెలు తెచ్చేవాళ్లు, చేన్ల నుంచి వచ్చేవాళ్లు, అందరూ ఆగి లోపలికి పోయారు. చెట్టును చూసి మురిసిపోయారు. మౌస్ పట్టుకుని ఉడతను ఈ కొమ్మ నుంచి ఆ కొమ్మకు దూకించారు. నవ్వుకున్నారు. ఒక్కరు కూడా కాయ నొక్కలేదు. ఉడతను కాయల మధ్య నుంచి, తగలకుండా, ఎంతో జాగ్రత్తగా నడిపించారు. జంపక్క అయితే లోపలికే పోలేదు. రోజూ వచ్చి గడప దగ్గర నిలబడి, అక్కడి నుంచే చెట్టును చూసి పోయేది.

పుష్పలత షాపుకు తిరిగి వచ్చి దిగులుగా కూర్చుంది. కాయలు చిన్నవైనట్టున్నాయని పెద్దవి చేసింది. మళ్లీ పోయింది. ఎవరూ నొక్కలేదు. రంగు ఆనడం లేదేమోనని కాయలన్నీ పసుపురంగులో, మగ్గినట్టు గీసింది. ఈసారి ముసలమ్మలు చెట్టును చూసి బుగ్గలు నొక్కుకుని వెళ్లిపోయారు. సంతోష్ ఫోన్ చేసి, జనానికి మౌస్ నొక్కడం తెలియడం లేదేమో, మిషన్ అంటే భయమేమో అన్నాడు. వచ్చే ఆదివారం కల్లా తేల్చేయాలి, విడుదలకు అందరూ ఎదురుచూస్తున్నారు అన్నాడు.

"నాకు చాతగాదక్కా," అంది పుష్పలత. "తలుపే లేకుండ చేద్దామనుకున్న. మా అమ్మ ఇంకా బయటనే నిలబడ్డది." తను ఏడవడం నేను అప్పుడే చూశాను.

నాకు చిర్రెత్తింది. ఎవరి మీదో తెలియదు. షాపుకు తాళం వేసి, ఇద్దరం పొద్దున బస్సుకే బయలుదేరాం. చర్ల రోడ్డంతా ఆకు రాలి, అడవి పలచబడి, ఎండ నేల దాకా దిగుతోంది. ఇప్పపువ్వు వాసన బస్సులోకి వచ్చి మత్తుగా కూర్చుంది. పుష్పలత నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. వాగులో నీళ్లు చీలమండల దాకా ఉన్నాయి.

గూడెం చేరేసరికి జంపక్క గది గడప దగ్గరే ఉంది. లోపల పున్నమ్మ ఉడతను ఆడిస్తోంది. కాయ పక్కకు రాగానే చేయి వెనక్కి తీసుకుంటోంది. నేను ఇక ఆగలేకపోయాను. పక్కన నిలబడి చెప్పకూడదన్న షరతు నాకు కాదు గదా.

"పెద్దమ్మా, ఆ కాయను ఒక్కసారి నొక్కితే ఏం పోతది మీ సొమ్ము? నీ బిడ్డ ఏడాది సంది కూసోని గీసింది!"

జంపక్క నా వైపు జాలిగా చూసింది. "కొత్త కాలే గదా బిడ్డా," అంది.

"ఏం కొత్త?"

"మామిడికొత్త. ఇంకా పండుగ చెయ్యలే. పెద్దలకు పెట్టకముందు కొత్తకాయ ఎట్ల ముడ్తరు? మొన్నేమో నా బిడ్డ ఫాల్గుణంల కాయలన్ని పండవెట్టింది. అందరు నవ్విన్రు."

నా వెనక చప్పుడైతే తిరిగి చూశాను. పుష్పలత మట్టిలో కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో అర్థం కాలేదు, రెండూ ఉన్నాయి. వాళ్ల గూడేల్లో ఏ కొత్తపంటైనా అంతే. పండుగ చేసి, చనిపోయిన పెద్దలకు పెట్టి, ఆ తర్వాతే ఊరు ముట్టాలి. మామిడికాయలో టెంక గట్టిపడ్డాకే పండుగ. ఎప్పుడనేది క్యాలెండర్ చెప్పదు, ఊరికి పూజలు చేసే బొజ్జయ్య కాయ కోసి చూసి చెబుతాడు.

"నేను మర్సిపోయిన అమ్మా," అంది పుష్పలత. "హాస్టల్ల ఎప్పుడు పెడితే అప్పుడు తిన్న. నా ఊరి పండుగ నేనే మర్సిపోయిన." సిగ్గుతో తల వాల్చుకుంది. జంపక్క బిడ్డ తల మీది దుమ్ము దులిపింది.

"పోనియ్, బొమ్మ మార్సు," అన్నాను. "కాయలు తీసేసి ఇప్పపూలు పెట్టు."

"దానికి గూడ పండుగుంది," అంది జంపక్క.

"చిక్కుడుకాయలు?"

"దానికి గూడ."

"అయితే చుక్కలు పెడ్తం, కుండలు పెడ్తం, ఏదో ఒకటి!"

"వద్దు," అంది జంపక్క. గడప మీంచి లోపలికి చూస్తూ అంది, "చెట్టు మంచిగున్నది. ఉండనియ్యి." ఇంటి బయట దేని గురించైనా ఆమె తన ఇష్టం చెప్పగా నేను విన్నది అదే మొదలు. పుష్పలత తలెత్తి వాళ్లమ్మను చూసింది. ఇక ఆ చెట్టును మార్చేది లేదని నాకు అర్థమైపోయింది.

భద్రాచలం తిరిగొచ్చి సంతోష్‌కు ఫోన్ చేశాం. సంగతంతా చెబితే, "బొమ్మ మారిస్తే అయిపోతది గదక్కా," అన్నాడు, నేనన్నట్టే. నేనంటే సరే, అతనంటే నాకు ఒళ్లు మండింది. "ఎవరైనా తమకు నచ్చినట్టు మార్చుకోవచ్చు అన్నవ్ గదా సంతోష్! మరి నచ్చినట్టు ఉంచుకోవద్దా? ఆదివారం ఆదివారం అంటున్నవ్, ఆదివారం పోతే మళ్ల రాదా?" అని దులిపేశాను. పుష్పలత నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"అన్నా, భయపడి గాదు. వాళ్లు ముడుతలేరంటే, అవి కాయలే అని నమ్మిన్రు," అంది.

అవతల కీబోర్డు టకటకలు ఆగిపోయాయి. లైను పోయిందనుకున్నాం.

"టెంక ఎప్పుడు గట్టిపడ్తది?" అన్నాడు సంతోష్.

అతను ఆ సాయంత్రమే పలుకుబుట్ట పనివాళ్లందరికీ మెయిల్ పెట్టాడు. గోదావరి పక్క అడవిలో ఒక ఊళ్లో మామిడికాయకు టెంక గట్టిపడే దాకా విడుదల ఆగుతుందని రాశాడు. ఒకరిద్దరు కసురుకున్నారు. మిగతావాళ్లు ఆశ్చర్యపోయినా సరేనన్నారు. తర్వాత నుంచి రోజూ మా షాపు కంప్యూటర్‌లో మెయిళ్లు దిగేవి. ఎక్కడో మంచు కురిసే ఊరి నుంచి ఒకామె, సముద్రం పక్క నుంచి ఇంకొకాయన, టెంక వచ్చిందా అని అడిగేవాళ్లు. పుష్పలత "ఇంకా లేతగనే ఉన్నది" అని జవాబు కొట్టేది. ఆ రోజుల్లో మా చిన్న గది మీదికి ప్రపంచమంతా వంగి ఒక కాయ వైపు చూస్తున్నట్టు అనిపించేది. పుష్పలత కాయలన్నీ మళ్లీ పచ్చగా, మొదట గీసినట్టే గీసింది.

చైత్రం నడిమిలో కబురొచ్చింది. బొజ్జయ్య కాయ కోశాడు, టెంక తెగలేదు. ఇద్దరం పోయాం. పొద్దున్నే ఊరంతా డోలు చప్పుడు. బొజ్జయ్య మామిడి ముక్కలు ఆకులో పెట్టి పెద్దలను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడు. ఆ తర్వాత ఎవరూ అడగకుండానే, ఇంకో ఆకులో ముక్క పెట్టుకుని అంగన్‌వాడీ పక్క గదికి వచ్చాడు. కంప్యూటర్ ముందు ఆకు పెట్టి, తెర అంచుకు పసుపు రాసి, ఒక్క నిమిషం కళ్లు మూసుకున్నాడు. ఏదీ నొక్కకుండా వెళ్లిపోయాడు. వెంటనే పున్నమ్మ గుంపును తోసుకుంటూ వెళ్లి కూర్చుంది. కాయ విచ్చుకుంది. పులి కథ మొదలైంది. తన మొహం తనే చూసుకుని ముసలమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆ పొద్దంతా చెట్టు మీద కాయ తెరుచుకోని క్షణం లేదు. పుష్పలత పరీక్ష నెగ్గింది. నేను అందరి ముందూ ఎగిరి గంతేశాను.

జంపక్క మాత్రం జనంలో లేదు. ఉదయం గడప దగ్గర ఒకసారి కనిపించి, వంట వైపు పోయింది. పుష్పలత నవ్వుతోంది గానీ, కళ్లు ఆమెను వెతుకుతూనే ఉన్నాయి.

మధ్యాహ్నం భోజనాలకు అందరూ చెట్ల కిందికి చేరారు. ఎండ, మామిడి పులుపు వాసన, దూరంగా డోలు. తిన్నాక నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. పుష్పలత నా మోచేయి పట్టుకుని లేపింది. "అమ్మ కానొస్తలేదు," అంది.

వెతుక్కుంటూ గది వైపు నడిచాం. దగ్గరికి పోయేసరికి పాట వినిపించింది. నాట్ల పాట. కొంగు అడ్డం పెట్టుకుని పాడిన గొంతు. తలుపు తీసే ఉంది. లోపల ఎవరూ లేరు, జంపక్క ఒక్కతే. కుర్చీ అంచున కూర్చుని, మౌస్ మీద అరచేయి బోర్లించి పెట్టుకుని, కింది కొమ్మ చివరి కాయలో తన మొహాన్ని చూస్తూ, తన పాటకు తనే పెదాలు కదుపుతోంది. ఉడత ఆ కొమ్మ మీద కదలకుండా ఉంది.

పుష్పలత గడప దగ్గర ఆగిపోయింది. వెనక నేనూ ఆగాను. లోపలికి పోతే ఆ కల చెదురుతుందేమోనని ఇద్దరికీ భయం. ఎంతసేపు అలా నిలబడ్డామో తెలియదు. పాట అయిపోయింది. జంపక్క తల తిప్పి మమ్మల్ని చూసింది.

"ఏంది బిడ్డా, గడప కాడ గట్ల నిలబడ్డరు?" అంది. "లోపలికి రాండ్రి."